"గీతలు మాయం, 12 నెలల రక్షణ" అన్న వ్యాక్స్ మూడు వాషులకే పోయింది, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. నల్ల రంగు హ్యాచ్‌బ్యాక్, నాలుగేళ్ళ బండి. ఆన్‌లైన్‌లో 1,299 పెట్టి ఒక పాలిష్ వ్యాక్స్ కొన్నాను. డబ్బా మీద "గీతలు మాయం, 12 నెలల రక్షణ, 9హెచ్ సిరామిక్, అద్దంలాంటి మెరుపు" అని ఉంది. రాసిన రోజు నిజంగానే బాగుంది, మూడోసారి కడిగేసరికి గీతలన్నీ మళ్ళీ కనపడ్డాయి, పైగా బానెట్ మీద అరచేయంత చోట తెల్లగా మసకబారింది. కస్టమర్ కేర్ వాళ్ళేమో ఎండలో రాసి ఉంటారు మీ తప్పే, ఫలితాలు మారవచ్చని కింద రాశాం కదా అంటున్నారు. సర్వీస్ సెంటర్లో బానెట్ రీపెయింట్‌కి 7,500 చెప్పారు. ఒక యూట్యూబర్ వీడియో చూసి కొన్నాను, అతని మీద కూడా వేయొచ్చా? ఇంత చిన్నదానికి లాయర్ దగ్గరికి వెళ్తే నవ్వుతారేమో.

జవాబు: నవ్వరండీ. ఢిల్లీలో ఒకాయన 79 రూపాయల ఫెయిర్‌నెస్ క్రీమ్ మీద 2013లో కేసు వేస్తే 2024 డిసెంబర్‌లో జిల్లా కన్స్యూమర్ కమిషన్ కంపెనీకి 14.5 లక్షలు శిక్షగా వేసి, అది కాక ఆయనకి 50 వేలు ఇవ్వమంది. చెప్పినట్టు వాడినా తెల్లబడలేదన్నదే గొడవ. పదకొండేళ్ళు పట్టింది అన్నది కూడా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే చట్టంలో మాత్రం ల్యాబ్ టెస్ట్ అక్కర్లేని కేసు 3 నెలల్లో, అవసరమైతే 5 నెలల్లో తేల్చాలని రాసి ఉంటుంది, అది చదివి ఆశపడకండి.

మీ ఉత్తరంలో రెండు గొడవలు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీయాలి. ఒకటి, చెప్పింది జరగలేదు. రెండోది, బానెట్ పాడైంది. మొదటిది గెలవడం మీరనుకున్నదానికంటే తేలిక, రెండోది మీరనుకున్నదానికంటే కష్టం. చాలామంది రెండూ కలిపి ఒకే పేరాలో రాసేసి, రెండోది నిరూపించలేక మొదటిది కూడా పోగొట్టుకుంటారు.

డబ్బా మీద మాటల్ని ఒక్కొక్కటి పట్టుకుందాం. "అద్దంలాంటి మెరుపు" వదిలేయండి, అది పొగడ్త, మా వంకాయ కూర తింటే స్వర్గమే అన్నట్టు, దాన్ని ఏ కమిషనూ కొలవదు. "12 నెలలు" అనేది అలా కాదు, అది అంకె. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(47) కింద, సరైన పరీక్ష చేయకుండా ఒక వస్తువు ఇంత పని చేస్తుంది, ఇన్నాళ్ళు ఉంటుంది అని గ్యారంటీ ఇవ్వడమే అనుచిత వ్యాపార పద్ధతి. అసలు సంగతి దాని కిందే ఉంది, లేదు మేం పరీక్ష చేశాకే చెప్పాం అని కంపెనీ అంటే, ఆ పరీక్ష చూపించాల్సిన బాధ్యత కంపెనీదే. అంటే 12 నెలలు ఉండదని మీరు నిరూపించక్కర్లేదు, ఉంటుందని ఎక్కడ, ఏ బండి మీద, ఎన్ని వాషులు చేసి చూశారో కాగితాలు వాళ్ళు తేవాలి. కంపెనీకి పంపే నోటీసులో మొదటి వాక్యమే ఇది పెట్టండి: "12 నెలల రక్షణ అనే మీ హామీకి ఆధారమైన టెస్ట్ రిపోర్ట్ కాపీ పంపండి." మామూలు కార్నౌబా వ్యాక్స్ (ఒక రకం చెట్టు ఆకుల మైనం) మన ఎండకీ వానకీ కొన్ని వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు నిలబడుతుందని బండ్లకి మెరుగు పెట్టే డీటెయిలింగ్ షాపులో కుర్రాడిని అడిగినా చెప్తాడు, కాబట్టి 12 నెలల రిపోర్ట్ వస్తే నేనూ చూడాలనే ఉంది.

"9హెచ్" సంగతి. అది పెన్సిల్ కొలత. హెచ్‌బీ, 2హెచ్ అంటాం కదా, అలా గట్టిదనం పెరిగే పెన్సిళ్ళతో పూత మీద గీసి ఏ పెన్సిల్ దాకా గీత పడకుండా తట్టుకుందో చెప్పే పద్ధతి, 9హెచ్ అందులో బాగా గట్టి పెన్సిల్, అంతే. దీన్ని వజ్రం గట్టిదనం లెక్కతో కలిపి చూపించే ప్రకటనలు ఉంటాయి, మీరు చూసిన వీడియోలో అలాంటిది ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నీళ్ళు గుండ్రంగా జారిపోతున్నాయి చూడండి అనే వీడియోలకి కూడా పడిపోకండి, కొబ్బరినూనె రాసినా నీళ్ళు తామరాకు మీద బొట్టుల్లాగే నిలబడతాయి, దాన్నిబట్టి గీతలు పడవనీ ఎండ తగలదనీ చెప్పలేం.

ఇక "గీతలు మాయం". మీ కేసుకి గుండెకాయ ఇదే. గీత పోవడం వేరు, కప్పబడటం వేరు. పాలిష్‌లో సన్నగా అరగదీసే పొడి ఉంటుంది, అది రంగు మీదుండే పారదర్శకమైన పూతని, అంటే క్లియర్ కోట్‌ని, కాస్త కోసి గీతని తీస్తుంది. కొన్ని డబ్బాల్లో మాత్రం నూనె, ఫిల్లర్ ఉంటాయి, గీతలో కూరుకుని వెలుతురుకి కనపడకుండా చేస్తాయి, నాలుగు వాషులకి కరిగిపోతే గీత ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. మీకు జరిగింది రెండోదే అని నా అనుమానం, నా పాత బండికి కూడా ఇలాంటిది రాసి రెండు వారాలు మురిసిపోయినవాణ్ణే. గోరు తగిలి ఆగేంత లోతు గీత అయితే ఏ పాలిష్ తీయదు, అలాంటివి లెక్కలోంచి తీసేసి సన్న గీతల గురించే రాయండి.

అనుమానం చాలదు కాబట్టి ఒక పని చేయండి. బానెట్ ముట్టుకోవద్దు. సన్న గీతలున్న వెనక డోర్ కడిగి, నీడలో ఆరబెట్టి, మధ్యలో నిలువుగా మాస్కింగ్ టేప్ వేయండి. టేప్ మీద తేదీ రాయండి. ఒక పక్క డబ్బా మీద రాసిన పద్ధతి తు.చ. తప్పకుండా అదే వ్యాక్స్, రెండో పక్క ఏమీ రాయకూడదు. అరగంటాగి టేప్ తీసి మొబైల్ టార్చ్ పక్కనుంచి కొట్టి వీడియో తీయండి, అందులో బిల్లు, బ్యాచ్ నంబర్ కనపడాలి. తర్వాత రాసిన పక్కనే కొద్దిచోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి మెత్తటి మైక్రోఫైబర్ క్లాత్‌తో తుడిచి మళ్ళీ టార్చ్ కొట్టండి. గీతలు మళ్ళీ లేచి కనపడితే అవి మాయం కాలేదు, దాక్కున్నాయి. ఇదంతా మీరొక్కరే కాకుండా, మీకు తెలిసిన టింకరింగ్ షెడ్డు మేస్త్రీ ఎదురుగా చేసి అతనితో అఫిడవిట్ ఇప్పించండి, కమిషన్‌లో చాలావరకు అఫిడవిట్ల మీదే నడుస్తుంది. వీడియోకి 2023 భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డుని సాక్ష్యంగా పెట్టడానికి ఇచ్చేది) జత చేస్తే ఎదుటి లాయర్‌కి వీడియో చెల్లదనే పేచీ కూడా ఉండదు.

మిగిలిన డబ్బా పారేయొద్దు, కుదిరితే అదే బ్యాచ్‌ది ఇంకొకటి సీల్ తీయకుండా కొని పెట్టండి, కమిషన్ ల్యాబ్‌కి పంపమంటే మూత తీసిన డబ్బాలో ఏదో కలిపారని అనకుండా.

"ఫలితాలు మారవచ్చు" అని కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాశాం అంటున్నారు కదా. మొదటిది, లేబుల్ కూడా చట్టం ప్రకారం ప్రకటనే, ఆ నిర్వచనంలో లేబుల్, రేపర్, బిల్లు అన్నీ ఉన్నాయి, పొగతో ఆకాశంలో రాసినా ప్రకటనే, ఎవరు రాశారో గానీ ముందుచూపు ఉన్నవాళ్ళే. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు చెప్పేది ఏంటంటే, డిస్‌క్లెయిమర్ (ఇలా కింద రాసే షరతు మాట) పెద్దక్షరాల్లో చెప్పిన తప్పుడు మాటని సరిదిద్దడానికి పనికిరాదు, ముఖ్యమైన సంగతి దాచడానికీ పనికిరాదు, హామీ ఏ అక్షరాల్లో ఉందో అదీ ఆ అక్షరాల్లోనే ఉండాలి. పైన 12 నెలలని అరిచి కింద గొణిగితే కుదరదన్నమాట.

ఇప్పుడు కష్టమైన భాగం, బానెట్. ఇక్కడ మీకు అనుకూలంగా ఒక మాట ఉంది. ప్రొడక్ట్ లయబిలిటీలో, అంటే వస్తువు లోపం వల్ల జరిగిన నష్టానికి బాధ్యతలో, ఆ వస్తువుకే జరిగిన నష్టం లెక్కలోకి రాదు గానీ దానివల్ల మీ వేరే ఆస్తికి జరిగిన నష్టం వస్తుంది, వ్యాక్స్ వల్ల పాడైన పెయింట్ అదే. సరైన వాడకం సూచనలు, హెచ్చరికలు లేకపోయినా తయారీదారు బాధ్యుడే, సెక్షన్ 84. కానీ మీరు నిజం చెప్పుకోవాలి, ఎండలో రాశారా? డబ్బా మీద "వేడి బానెట్ మీద, ఎండలో వాడొద్దు" అని అందరికీ కనపడేలా ఉండి, మీరు ఏప్రిల్ మధ్యాహ్నం గుంటూరులో రోడ్డు మీద పెట్టి రాసి ఉంటే, సెక్షన్ 87 కింద వస్తువుని తప్పుగా వాడారని అమ్మినవాడు బయటపడతాడు, తయారీదారూ అదే మాట పట్టుకుంటాడు. ఆ మాట లేకపోతే, ఉన్నా భూతద్దం పెడితే తప్ప కనపడకపోతే, బలం మీవైపు వస్తుంది. డబ్బా నాలుగు పక్కలా ఫోటో తీసి పంపితే చెప్తాను.

ఇంకోటి, ఆ తెల్లమసక అసలు పెయింట్ పోయిందో, ఎండిపోయిన వ్యాక్స్ అంటుకుందో తేలాలి. ఫోటోలు తీశాక అందులో రూపాయి బిళ్ళంత చోట ఆల్కహాల్‌తో తుడిపించండి. పోతే నష్టం లేదు, 7,500 అడగకండి, అడిగితే మిగతా కేసు కూడా పలచబడుతుంది. పోకపోతే పెయింట్ మందం కొలిచే గేజ్ ఉన్న డీటెయిలింగ్ షాపులో మసక చోట, పక్కన మామూలు చోట మైక్రాన్ల రీడింగులు కాగితం మీద రాయించండి.

యూట్యూబర్ మీద మీరు విడిగా పరిహారం కేసు పెట్టడం కంటే సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థకి ఫిర్యాదు చేయడం మంచిది. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా, ఏడాది దాకా ప్రమోషన్లు చేయకుండా నిషేధం వేయొచ్చు, తను చెప్పే ముందు సరిచూసుకున్నానని చూపించుకుంటే తప్పించుకుంటాడు. డబ్బు తీసుకుని చేసి ఆ సంగతి చెప్పకపోతే అది ఇంకో తప్పు. జిల్లా కలెక్టర్‌కి ఇచ్చినా అక్కడికి వెళ్తుంది.

పద్ధతి చెప్తాను. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్, షాపింగ్ సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్, అతను 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. చాలావరకు 1,299 ఇక్కడే వచ్చేస్తుంది, నష్టం గొడవ మిగిలి ఉంటే "పూర్తి పరిష్కారం" అన్న మాట మీద టిక్ పెట్టకండి. తర్వాత తయారీదారు, అమ్మినవాడు ఇద్దరికీ 15 రోజుల నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో, ఆపైన గుంటూరు జిల్లా కమిషన్‌లోనే ఈ-జాగృతి అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా వేయొచ్చు, కంపెనీ ఎక్కడున్నా మీరుండే ఊళ్ళో వేసే హక్కుంది. కొన్న వస్తువు 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, గడువు రెండేళ్ళు. వస్తువు డబ్బు, రుజువైతే రీపెయింట్ ఖర్చు, ఖర్చుల కింద న్యాయమైన అంకె, ఆ ప్రకటన ఆపించమని ఆర్డర్, ఇవి అడగండి, ఐదు లక్షల మానసిక వేదన మాత్రం వద్దు.

బానెట్ రీపెయింట్ మాత్రం ఈ రీడింగులన్నీ అయ్యేదాకా చేయించకండి. ఇంట్లోవాళ్ళు ఎబ్బెట్టుగా ఉందంటే పైన కవర్ కప్పండి.