రైల్వే గ్రౌండ్‌కి వెళ్లబోయే అమ్మలుకి

అమ్మలూ,

పిల్లల ఫుట్‌బాల్ పోటీలకు ఫిజియోగా నువ్వే ఉంటావని మీ అమ్మ చెప్పింది. ఎంత పొంగిపోయానో, అంత బెంగా పట్టుకుంది.

ఐసు, కట్లు నీకు చెప్పక్కర్లేదు. తలకి దెబ్బ తగిలాక మెడనొప్పి, వాంతులు, ఫిట్స్, రెండేసి కనబడటం, కాళ్లూచేతులు తిమ్మిరెక్కడం, మగత పెరగడం, వీటిలో ఏదున్నా మెడ కదపకుండా 108కి ఫోన్ చెయ్యి.

నా భయమంతా ఇవేవీ లేని పిల్లల గురించే. "స్పృహ తప్పలేదు కదా" అని మళ్లీ ఆటలోకి దింపెయ్యడం మన మైదానాల్లో పాత తప్పు. కంకషన్ (దెబ్బకి మెదడు అదిరి, దాని పని కొన్నాళ్లు గాడి తప్పడం) అయినవాళ్లలో ఎక్కువమందికి స్పృహ తప్పదు. లక్షణాలు కొన్ని గంటలాగి, ఒక్కోసారి మర్నాడు బయటపడతాయి. స్కాన్ బాగున్నంత మాత్రాన కంకషన్ లేదని కాదు. పదేళ్ల పిల్లాడు "బాగానే ఉందండీ" అంటాడు, వాడికి కావలసింది ఆట! అనుమానం వచ్చిందా, ఆ రోజుకి వాడు బయటే. కోచ్ గారు కేకలేస్తే వెయ్యనీ. కోలుకోకముందే ఇంకో దెబ్బ తగిలి మెదడు వాచిందంటే ప్రాణం మీదికొస్తుంది. అరుదే, కానీ అలా పోయినవాళ్లలో ఎక్కువమంది కుర్రాళ్లే.

కంకషన్ అనుమానం వస్తే చేసే పరీక్ష స్కాట్: 8 నుంచి 12 ఏళ్ల వాళ్లకి చైల్డ్ స్కాట్ 6, 13 నిండితే స్కాట్ 6. పది నిమిషాల్లోపు ముగించావంటే సరిగ్గా చెయ్యలేదన్నమాటే. ముందు ఆయాసం తీరనీ. మొదట గుర్తుపెట్టుకోమన్న మాటల జాబితా చివర్లో మళ్లీ అడిగేలోపు 5 నిమిషాలైనా గడవాలి. చైల్డ్ స్కాట్‌లో వారాల పేర్లు వెనక్కి చెప్పమన్నప్పుడు మాత్రం జాగ్రత్త. నేవీ క్వార్టర్స్ పిల్లలకి హిందీ అలవాటు, మన పిల్లల్లోనూ చాలామందికి సండే మండే వచ్చినంత సులువుగా ఆది సోమ రావు. తడబడింది భాషకా, దెబ్బకా? పోటీలకు ముందే ఒకసారి చేయించి, ఏ భాషలో చేశావో రాసిపెట్టుకో. మడమకి బొటనవేలు ఆనించి నడిపించేది 3 మీటర్ల గీత మీద, గట్టి నేలపైనే.

మన ఉక్కపోతకి తలనొప్పి, వికారం మామూలే. తల తగిలిన పిల్లాడి విషయంలో మాత్రం "వడదెబ్బేలే" అనుకోకు.

ఇంటికి పంపేటప్పుడు తల్లికి కాగితం మీద తెలుగులో రాసివ్వు: ఆస్పిరిన్ వద్దు, ఈ రాత్రి ఒంటరిగా వదలొద్దు, రెండు రోజులు ఫోన్, టీవీ తగ్గించాలి. చీకటి గదిలో పడుకోబెట్టక్కర్లేదు, ఇంట్లో మెల్లగా తిరగొచ్చు. ముందు బడి, తర్వాతే ఆట. ఆటలోకి మెట్లుమెట్లుగా తిరిగి రావాలి, మెట్టుకీ మెట్టుకీ మధ్య కనీసం 24 గంటలు. తలతో బంతి కొట్టడం, తోపులాట డాక్టరు సరేనన్నాకే.

ఎండలో టోపీ పెట్టుకో తల్లీ, మధ్యాహ్నం భోజనం మానెయ్యకు. ఏ పిల్లాడి మీద అనుమానమొచ్చినా అర్ధరాత్రైనా సరే, నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దనాన్న