పాపా, చక్రాల సంగతి

పాపా,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. మీ టీమ్ ఈసారి రోబోకి చక్రాలు కూడా సొంతంగానే చేస్తుందట, అవీ రోబోని పక్కకి కూడా నడిపించే మెకానమ్ చక్రాలట, లోహాన్ని తిప్పుతూ కోసే లేత్ దగ్గర నువ్వే నిలబడతావట. మన ఇంట్లో నా తర్వాత లేత్ ముట్టుకునేది నువ్వే. విన్నప్పటినుంచి ఒక పక్క సంతోషం, ఒక పక్క గుండెలో దడ, అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా.

ముందే చెప్పేస్తా, మెకానమ్ చక్రాలు కొనుక్కోండి. చక్రం చుట్టూ 45 డిగ్రీల వాలులో రోలర్లు, ఒక్కోటి నడుమ లావుగా చివర్ల సన్నగా ఉండాలి, చక్రానికి తొమ్మిదేసి అనుకున్నా నాలుగు చక్రాలకి మొత్తం 36, అన్నీ ఒకేలా రావాలి, ఫ్రీగా తిరగాలి. వాటితోనే మీ టైమంతా అయిపోతుంది, రోబో నడిపి ప్రాక్టీస్ చేసేదెప్పుడు? బిగించేటప్పుడు పైనుంచి చూస్తే రోలర్లు ఎక్స్ ఆకారంలో కనపడాలి, అంతే.

మామూలు చక్రం అయితే, మీకు కావాల్సిన సైజు మన బెంగళూరు ఎస్పీ రోడ్డు షాపులన్నీ తిరిగినా దొరకనప్పుడు చెయ్యండి. లెక్క వేసుకునే చెయ్యండి, 100 ఎంఎం బదులు 125 పెడితే అదే మోటారుకి స్పీడు పాతిక శాతం పెరుగుతుంది కానీ తోసే బలం ఐదో వంతు పోతుంది. మీ చేత్తో చెయ్యాల్సింది హబ్, అంటే చక్రం నడిమి ముక్క. కొన్న చక్రానికీ మీ మోటారు షాఫ్ట్‌కీ చుట్టరికం కలిపేది అదే. షాఫ్ట్‌ని పక్కనుంచి నొక్కి పట్టే ఒక్క గ్రబ్ స్క్రూని నమ్మొద్దు, కీవే కొట్టించు, అంటే హబ్ జారకుండా కీ ముక్క కూర్చునే గాడి.

ఇప్పుడు నా తప్పు విను. పీణ్యలో నేను పనిలో చేరిన కొత్తల్లో ఒక కాలేజీ పిల్లలు రోబో చక్రాలు చేయించుకోవడానికి వచ్చారు, నాలుగు అల్యూమినియం చక్రాలు, డబ్బులు తలా కొంచెం వేసుకుని చిల్లరతో సహా తెచ్చారు. సాయంత్రం చక్రం బయటి చుట్టు టర్నింగ్ చేసి జాబ్ (చేస్తున్న ముక్క) తీసేశా, పొద్దున మళ్ళీ పట్టి నడుమ బోరు, అంటే షాఫ్ట్ దూరే రంధ్రం, కొట్టా. జాబ్‌ని మూడు దవడలతో పట్టుకునే ఆ త్రీ-జా చక్ పాతది, జా అరిగిపోయి ఉందని నాకు తెలుసు. జాబ్ నడిమధ్యలో తిరుగుతోందో లేదో ముల్లుతో చూపించే డయల్ పెట్టి చూస్తే పది నిమిషాలు, పెట్టలేదు. కంటికి బాగానే ఉంది కదా అనుకున్నా. బోరు అర ఎంఎం పక్కకి పోయింది. అర ఎంఎం జరిగితే చక్రం ఒక్కో చుట్టులో ఒక ఎంఎం లేచి దిగుతుంది పాపా, స్ప్రింగ్ లేని గట్టి ఫ్రేమ్‌కి అది చాలు, ఒక చక్రం నేలని వదిలేస్తుంది, రోబో పక్కకి లాగేస్తుంది. పోటీ అయ్యాక వాళ్ళలో ఒకబ్బాయి వచ్చి చక్రం నా బల్ల మీద పెట్టి, "అన్నా, ఇది ఔట్ కొడుతోంది" అన్నాడు. తిట్టలేదు, డబ్బులూ అడగలేదు, అంతే చెప్పి వెళ్ళిపోయాడు. ఏడాదంతా వాళ్ళు పడ్డ కష్టం నా పది నిమిషాల బద్ధకానికి పోయింది. ఆ చక్రం ఇంకా నా టూల్ పెట్టెలోనే ఉంది. అందుకే బోరూ బయటి చుట్టూ జాబ్ విప్పకుండా ఒకే సెట్టింగ్‌లో తియ్యి, జాబ్ వదిలితే మళ్ళీ డయల్ పెట్టకుండా టూల్ ముట్టించొద్దు.

ఇంకోటి, ఇది సలహా కాదు, ఆర్డర్. చక్ బిగించే చక్ కీని చక్‌లోనే వదిలేసి మిషన్ ఆన్ చేశావంటే మళ్ళీ నా షాపులో అడుగు పెట్టనివ్వను. కీ చేతిలో ఉండాలి, లేదంటే పెట్టెలో. చున్నీ వద్దు, గాజులు వద్దు, గ్లోవ్స్ కూడా వద్దు, తిరిగే జాబ్ గుడ్డ అంచు పట్టుకుందంటే చెయ్యి కూడా లాక్కుపోతుంది. జడ ముడేసి లోపలికి దోపుకో. చిన్నప్పుడు నా వేలు పట్టుకుని సంతకి నడిచిన చేతులే అవి, నాకు వేరే లెక్క లేదు.

ఆదివారం రా. బనశంకరిలో మెట్రో ఎక్కితే మారక్కర్లేదు, పీణ్యలో దిగి ఫోన్ చెయ్యి. మోటారు తెచ్చుకో, షాఫ్ట్ లావు వెర్నియర్ కొలత పరికరంతో కొలిచాకే బోరు సైజు. మీ అత్త రాగి సంగటి చేస్తానంది, తిని మొదలుపెడదాం.

మీ మామ