రంగు ముట్టుకునే ముందు వెలుతురు చూసుకో

అమ్మడూ,

నిన్న ఫోన్లో వేషం మేకప్ గురించి నువ్వు అడిగినవాటికి సగం కూడా చెప్పలేకపోయాను, అక్కడ మీ హాస్టల్లో గోల, ఇక్కడ పక్కింట్లో మిక్సీ, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. అక్టోబర్ 31 రాత్రి మీ భీమవరం పిల్లలంతా హాలోవీన్ వేషాలు వేస్తారన్నావు. నువ్వేమో అస్థిపంజరం, నీ రూమ్మేట్ బుగ్గ చీలిన దెయ్యం, ఇంకో అమ్మాయి యానిమే అనే జపాన్ కార్టూన్లలో నీలం జుట్టు పిల్ల. మీ అమ్మ ఇవన్నీ పిచ్చి వేషాలంటోంది గానీ నేను అనను. నలభై ఏళ్లు పాలకొల్లు చుట్టుపక్కల తీర్థాల్లో పద్యనాటకాలకి మేకప్ వేసినవాణ్ణి, వేషం ఏ దేశానిదైనా శ్రద్ధగా కట్టాల్సిందే.

ముందు ఒక సంగతి తేల్చుకో. నీ మొహం ఎవరు, ఎంత దూరం నుంచి, ఏ లైటు కింద చూస్తారు? మేం కాలవ గట్టు మీద ఆఖరున కూర్చున్న ముసలాయనకి కూడా దుర్యోధనుడి కనుబొమ్మ తెలియాలని వేలెడు లావున గీసేవాళ్లం. దగ్గరికొచ్చి చూస్తే బొగ్గు పూసినట్టుండేది, అయినా పరవాలేదు, దగ్గరికి ఎవరూ రారు. నీకు అలా కుదరదు, జానెడు దూరంలో ఫోన్ పెట్టి ఫోటో తీస్తారు. కాబట్టి గీత కంటే నీడ ముఖ్యం. హాస్టల్ గదిలో ట్యూబ్‌లైటు కింద వేసుకుని, అక్కడ రంగు లైట్లలోకి వెళ్తే వేసిందంతా మారిపోతుంది, ఎర్ర లైటు కింద ఎర్ర రంగు అసలు కనపడదు. ముందే ఆ రంగు లైటు కింద చూసుకోవడం కుదరకపోయినా కనీసం ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసి చూసుకో. కొన్ని తెల్ల పౌడర్లు అద్దంలో బాగానే ఉంటాయి, ఫ్లాష్ పడగానే మొహం మీద పిండి చల్లినట్టు తెల్లగా తేలతాయి.

ఇప్పుడు నీ అస్థిపంజరం. నెట్‌లో బొమ్మ చూసి గీయొద్దమ్మా, నీ ఎముకలు నీ దగ్గరే ఉన్నాయి. అద్దం ముందు కూర్చుని బొటనవేలితో కంటి చుట్టూ ఎముక అంచు నొక్కి చూసుకో, కనుబొమ్మ కిందుగా పోయి చెంప మీదికి దిగుతుంది, గుండ్రంగా ఉండదు. కొత్తవాళ్లంతా కళ్ల చుట్టూ రెండు నల్ల సున్నాలు చుట్టేస్తారు, అక్కడే వేషం చెడుతుంది. బుగ్గలు లోపలికి పీల్చి, చెంప ఎముక కింద ఏ చోట పల్లం పడుతుందో చూసుకో. పళ్లు బిగించి దవడ, కణత తడుముకో. ఆ పల్లాల్లో మొదట నలుపు వేయకు, ముదురు గోధుమ రంగు కానీ బూడిద రంగు కానీ బ్రష్‌తో పల్చగా వేసి అంచులు కలిసిపోయేలా రుద్దు, నలుపు మాత్రం బాగా లోతున్న చోట చివర్లో పెట్టు. ముక్కు మొత్తం నలుపు చేయకు, తమలపాకుని కొన పైకి ఉండేట్టు పెట్టినట్టు ముక్కు చివర వరకే. పెదవుల మీద పళ్లకి అడ్డగీత ఒకటి, నిలువు గీతలు పెదవి దాటి పైకీ కిందికీ పోవాలి, ఒక్కో పన్ను మధ్యలో చిటికెడు తెలుపు అద్దితే ముందుకి పొడుచుకొచ్చినట్టుంటుంది. ఇంకోటి, మన ఒంటి రంగు మీద ఉత్త తెలుపు పూస్తే బూడిద పూసుకున్నట్టు అయిపోతుంది, అందులో కాస్త పసుపు ఛాయ కలుపు, ఎముకలా ఉంటుంది.

దెయ్యం పిల్ల బుగ్గ చీలిక సంగతి. 1931లో హాలీవుడ్‌లో జాక్ పియర్స్ అనే మేకప్ ఆయన ఒక రాక్షసుడి నుదురు మొత్తం దూది, కొలోడియన్ అనే జిగురు పొరలు పొరలుగా పేర్చి కట్టాడు, రోజూ గంటల తరబడి కూర్చుని. మీరు చేసేదీ ఆ పనే, దూది బదులు టిష్యూ, కొలోడియన్ బదులు లిక్విడ్ లేటెక్స్ అనే రబ్బరు ద్రవం. టిష్యూని పొరలు విడదీసుకో, మన ఆత్రేయపురం పూతరేకంత పల్చగా ఉండాలి, కత్తెరతో కోయకుండా అంచులు చేత్తో చింపు, కోసిన అంచు దాగదు. లేటెక్స్ ఒక పూత, మీద టిష్యూ, మళ్లీ పూత, ప్రతిదీ పూర్తిగా ఆరాక ఇంకోటి, మూడు నాలుగు పొరలు చాలు. ఆరాక మధ్యలో చిన్న పట్టకారుతో చీల్చి అంచులు కాస్త పైకి లేపు. దాని మీద ఒంటి రంగు ఫౌండేషన్, లోపల అడుగున నల్లటి మెరూన్, దాని మీద ఎరుపు, చీలిక చుట్టూ ఊదా. పాత దెబ్బలా కావాలంటే అంచుల్లో ఆకుపచ్చ, పసుపు కలవాలి, నీ మోకాలికి తగిలిన దెబ్బ నాలుగు రోజులకి ఎలా కమిలిందో గుర్తు తెచ్చుకో చాలు.

నెత్తురికి పంచదార పాకం చిక్కగా కాచి, తీగ పాకం రాకముందే దించి చల్లారనివ్వు, ఎర్ర ఫుడ్ కలర్ వేసి, చిటికెడు కోకో పొడి కలుపు, లేకపోతే శరబత్తులా మెరుస్తుంది. అది చర్మానికీ బట్టకీ అంటుకుపోతుంది, చీమలు కూడా పడతాయి, కాబట్టి బయల్దేరే ముందే వేయండి. కంటి దగ్గరికి పోనివ్వద్దు.

లేటెక్స్ గురించి ఇంకోమాట, ఇది మాత్రం మర్చిపోకు. బెలూన్లకీ రబ్బరు గ్లవ్స్‌కీ దురద పెట్టేవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. మిగతావాళ్లు కూడా మోచేతి మడతలో చుక్క రాసి ఒక రోజంతా ఆగి చూడండి. అందులో అమ్మోనియా ఉంటుంది, ఘాటుకి కళ్లు మండుతాయి, ఫ్యాన్ వేసుకుని కిటికీ తెరుచుకుని పని చేయండి. కనుబొమ్మకీ జుట్టు అంచుకీ ముందే వాజలైన్ రాయకపోతే తీసేటప్పుడు వెంట్రుకలు ఊడి వస్తాయి.

ఇది నేనెందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, మా చిన్నప్పుడు దసరాకి పులి వేషం కట్టినవాళ్లకి తలుపులకి వేసే రంగే ఒంటికి పూసేవారు, తీసేటప్పుడు కిరోసిన్. ఒక ఏడు నేను కట్టాను, వారం రోజులు వీపు మండుతూ బోర్లా పడుకున్నాను. నాటకాల్లో ఇంకా పాతకాలంలో అర్దళం నూరి పూసుకునేవారు, పసుపుపచ్చగా మెరిసేది, కానీ అది ఆర్సెనిక్ అనే విషం ఉన్న రాయి. పూర్వం వాడారు కదా, ఖనిజం కదా అని ఏదీ మొహానికి పెట్టకు. ఫ్యాబ్రిక్ పెయింట్, పోస్టర్ కలర్, స్కూల్ గ్లిట్టర్ వద్దేవద్దు. గ్లిట్టర్ రేణువు కంట్లో పడితే కనుగుడ్డు పైపొర గీసుకుపోతుంది, ఫేస్ పెయింట్ అని రాసి ఉన్నదే కొనుక్కో.

నీలం జుట్టు పిల్లకి ముఖ్యమైనవి కళ్లు. కనుబొమ్మ దాచాలంటే గ్లూ స్టిక్ వెంట్రుక పెరిగిన దిక్కుకే రాసి నొక్కి, ఆరనిచ్చి, ఇంకో పూత, పౌడర్, ఆపైన కన్సీలర్, కొత్త కనుబొమ్మ పైన గీసుకోవాలి. కింది రెప్ప లోపల తెల్ల పెన్సిల్, లైనర్ రెప్ప అంచుకి కాస్త దిగువన, అప్పుడు కన్ను పెద్దదిగా కనపడుతుంది. రంగు లెన్సుల మోజు ఉంటే కంటి డాక్టర్‌కి చూపించి కొలత తీసుకుని కొనుక్కోమను, ఒకరివి ఒకరు పెట్టుకోవడం మాత్రం నేను ఒప్పుకోను. లెన్సు పెట్టుకున్నాకే మేకప్, తీసేటప్పుడు ముందు లెన్సు.

మన ఊళ్లల్లో అక్టోబర్ ఆఖర్న వాన పడ్డా ఉక్క పోదు. నీళ్లతో కలిపే రంగులు చెమటకి చారలు కట్టి కారిపోతాయి, జెలటిన్‌తో చేసిన ముక్కులు, గడ్డాలు మెత్తబడతాయి. క్రీమ్ రంగు తీసుకుని, పల్చగా రెండు పూతలు వేసి, మీద పౌడర్ పఫ్‌తో అద్ది నొక్కు, రుద్దకు. ఐదు నిమిషాలాగి దులిపి, మొహం మీద నీళ్లు పిచికారీ కొట్టు. మా గ్రీన్‌రూమ్‌లో అదే చేసేవాళ్లం, తెల్లారే దాకా నిలిచేది. టచప్‌కి టిష్యూతో అద్దుకోవడమే, తుడవకూడదు. గడ్డాలు అతికించే స్పిరిట్ గమ్ అనే జిగురుకి మంట అంటుకుంటుంది, విగ్గుకి కూడా, దీపాలూ కొవ్వొత్తులూ పెట్టిన చోట జాగ్రత్త.

తీయడం ఎంత అలిసిపోయినా ఆ రాత్రే. కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఉంచి దూదితో తుడిచి, తరవాత సబ్బు. లేటెక్స్ గోరువెచ్చని నీళ్లతో తడిపి అంచుల నుంచి మెల్లగా రోల్ చెయ్యి, పీకొద్దు.

వారం ముందే ఒకసారి ట్రయల్ వేసుకో, ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకో, ఆ రాత్రికి దానికి ఇంకో గంట కలుపుకో. ట్రయల్ ఫోటోలు రెండు పంపు, ట్యూబ్‌లైటు కింద ఒకటి, లైటు ఆర్పి ఫ్లాష్‌తో ఒకటి. నా పాత పెట్టెలో మంచి బ్రష్‌లు మూడున్నాయి, మీ నాన్న శనివారం అటు వస్తాడు, అతని చేతికిచ్చి పంపిస్తా.

తాతయ్య