ఇల్లు కొనేముందు ఆ వెనక గేటు దగ్గర కాసేపు నిలబడండి

ప్లేనో, రిచర్డ్‌సన్ వైపు ఇల్లు చూస్తున్న మనవాళ్ళు ఈమధ్య నన్ను వెనక గేటు గురించే అడుగుతున్నారు. డాలస్ చుట్టుపక్కల పాత ఇళ్ళలో చాలావాటికి గరాజ్ వెనక సందులోకి ఉంటుంది. ఆ సందును ఇక్కడ అల్లీ అంటారు. గరాజ్ ముందున్న జాగాకు అడ్డంగా, పక్కకు జరిగే కరెంటు గేటు ఉంటే అదంతా పిల్లలకు ఆటస్థలం అయిపోతుంది. మేమూ ఆ గేటు చూసే ఇల్లు ఇష్టపడ్డాం.

అందరూ ముందు అడిగేది ఫోన్‌తో తెరుచుకుంటుందా అని. తెరుచుకుంటుంది. ఇప్పుడు వచ్చే మోటార్లలో చాలావాటికి యాప్ ఉంది. ఆఫీసు నుంచే డెలివరీ అబ్బాయికి గేటు తీయొచ్చు. లాన్ కోసేవాళ్ళకు వాళ్ళు వచ్చే రోజు మాత్రమే పనిచేసే కోడ్ ఇవ్వొచ్చు. కెమెరా ఉన్న కీప్యాడ్లు, సోలార్‌తో నడిచేవీ వచ్చాయి. బాగున్నాయి, పెట్టించుకోండి. కానీ అంతకన్నా ముందు ఆ గేటు ఎలా ఆగుతుందో చూడండి.

అమ్మ తెనాలి నుంచి మొదటిసారి వచ్చినప్పుడు జరిగింది చెబుతాను. గేటు మూసుకుంటోంది. ఊళ్ళో మన గేటును పట్టుకున్నట్టే, "ఉండు ఉండు" అంటూ చెయ్యి అడ్డం పెట్టింది. అది ఆగలేదు. అమ్మ వెనక్కి లాక్కునేసరికి గాజు వంకర పోయింది, మణికట్టు కమిలింది. తరువాత మోటారు పెట్టె విప్పి చూస్తే, స్తంభానికి ఫోటో ఐ, అంటే కాంతి కిరణానికి ఏదైనా అడ్డొస్తే గేటును ఆపించే సెన్సర్, బిగించి ఉంది గానీ దాని వైర్లు మోటారుకు కలపనే లేదు. సెన్సర్ ఉన్నట్టు మోటారును నమ్మించడానికి అక్కడ ఒక చిన్న తీగ ముక్క గుచ్చి వదిలేశారు. పాత మోటార్లలో అలా చేసినా గేటు నడిచేది.

ఇక్కడ ఈ గేట్లకు యూఎల్ 325 అనే ప్రమాణం ఉంది. మనిషి ఇరుక్కునే వీలున్న చోట, తెరుచుకునేటప్పుడూ మూసుకునేటప్పుడూ రెండు వేరువేరు రక్షణలు ఉండాలి. ఏదైనా తగిలితే వెనక్కి తిరిగే గుణం మోటారులోనే ఉంటుంది. రెండోది ఫోటో ఐ, లేదా ఒత్తిడి తెలిసే రబ్బరు అంచు. 2016లో వచ్చిన మార్పుతో, ఆ సెన్సర్ వైరు తెగినా మోటారే గుర్తుపట్టి మామూలుగా నడవడం మానేయాలి. కాబట్టి మోటారు ఏ సంవత్సరానిదో స్టిక్కర్ మీద చూడండి.

ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు ఒక పెద్ద అట్టపెట్టె పట్టుకెళ్ళండి. గేటు మూసుకుంటుండగా ఫోటో ఐకి అడ్డంగా దాన్ని తోయండి. ఆగాలి, లేదా వెనక్కి పోవాలి. చెయ్యితో మాత్రం ప్రయత్నించకండి. గేటు ఊచల మధ్య పిల్లల చెయ్యి దూరేంత సందుంటే జాలీ కొట్టించాలి. స్తంభం పక్కగా గేటు జరిగేటప్పుడు ఆ చెయ్యే నలుగుతుంది.

2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్‌లో లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. మా కారు గేటు లోపలే ఉండిపోయింది. గేటును చేత్తో జరపడానికి మోటారును విడదీసే చిన్న తాళంచెవి ఎక్కడ పెట్టామో ఆ చీకట్లో, చలిలో టార్చి వేసుకుని వెతికాం. బ్యాటరీ బ్యాకప్ ఉన్నదే తీసుకోండి. ఆ తాళంచెవి ఇంట్లో అందరికీ చూపించండి.

ఇల్లు చేతికొచ్చిన రోజే మోటారు మెమరీ చెరిపేసి మీ రిమోట్లే కలుపుకోండి. పాత ఓనర్ కోడ్ ఎంతమంది దగ్గరుందో మీకు తెలియదు. కొత్త గేటైతే హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, అనుమతి కాగితం మీద తీసుకోండి. స్తంభాలకు గుంత తవ్వే ముందు 811కి ఫోన్ చేయండి, గ్యాస్ లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు.

అమ్మానాన్నలు వస్తుంటే, నడిచి వెళ్ళడానికి పక్కన వేరే చిన్న తలుపు ఉండేలా చూడండి. వాళ్ళు విమానం దిగిన మర్నాడే రిమోట్ చేతికిచ్చి, గేటుకు దూరంగా నిలబెట్టి, నాలుగుసార్లు వాళ్ళచేతే నొక్కించండి.