సౌర తుఫాను లేని రోజున అయస్కాంత క్షేత్రం ఎందుకు మారుతుంది?

సూర్యుడు ప్రశాంతంగా ఉన్న రోజుల్లో కూడా భూ అయస్కాంత క్షేత్రం మారుతుందా, దానికీ గాలికీ సంబంధం ఏమిటి అని అడిగారు. మారుతుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేనే గీసి చూశాను కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

2009 జనవరిలో తిరునల్వేలిలో నమోదైన క్షితిజ సమాంతర అయస్కాంత తీవ్రతలోంచి ముంబై దగ్గరి అలీబాగ్ విలువను తీసివేసి, మిగిలినదాన్ని రోజువారీగా గీయడం మా పని. తిరునల్వేలి అయస్కాంత భూమధ్యరేఖకు, అంటే భూ అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే రేఖకు దగ్గర, అలీబాగ్ దూరం. అందువల్ల ఆ తేడాలో, సుమారు 105 కిలోమీటర్ల ఎత్తున పగటిపూట తూర్పుకు పారే ఎలక్ట్రోజెట్ అనే విద్యుత్ ప్రవాహం విడిగా కనబడుతుంది. మామూలుగా గీత ఉదయం లేచి, మధ్యాహ్నం వేళకు శిఖరం చేరి, సాయంత్రానికి రాత్రి మట్టానికి దిగుతుంది. ఆ నెలాఖరులో మాత్రం ఉదయం బాగా పెరిగి, మధ్యాహ్నం దాటాక రాత్రి మట్టం కంటే కిందికి జారింది, అంటే ప్రవాహం పడమరకు తిరిగింది. పరికరం చెడిందనుకుని ఆ రోజులను కొట్టివేయబోతుంటే, మా గురువుగారు ఆపి గీతలన్నిటినీ ఒకదాని కింద ఒకటి పేర్చమన్నారు. పేర్చగానే ఆ పల్లం రోజుకు ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతూ ఏటవాలుగా జరగడం కనిపించింది. చంద్రోదయం ఆలస్యమయ్యే లెక్కా దాదాపు అంతే.

కారణం ఇది. నీటి ఆవిరి, ఓజోన్ ఎండను పీల్చుకోవడంతో గాలిలో 24 గంటల, 12 గంటల ఆటుపోట్లు పుడతాయి. చంద్రుని ఆకర్షణ వల్ల 12 గంటల 25 నిమిషాల చిన్న ఆటుపోటు కూడా ఉంటుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కనుక వాటి ఊపు పెరుగుతుంది. నూరు కిలోమీటర్ల ఎత్తున ఆ గాలి విద్యుదావేశం గల కణాలను అయస్కాంత క్షేత్రానికి అడ్డంగా తోస్తుంది, దాంతో డైనమోలో లాగే కరెంటు పుడుతుంది. 1882లోనే బాల్ఫోర్ స్టీవర్ట్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ ఊహ చేశారు.

ఆ జనవరిలో గ్రహ తరంగాలు అనే భారీ అలలు ఉత్తర ధ్రువం మీది సుడిగాలిని చీల్చగా, అక్కడి స్ట్రాటో ఆవరణం (సుమారు 15 నుంచి 50 కిలోమీటర్ల ఎత్తులోని గాలి పొర) కొద్ది రోజుల్లోనే విపరీతంగా వేడెక్కింది. గాలుల తీరు మారి చంద్రుని ఆటుపోటు బలపడింది. పెరూలోని హికమార్కా రాడార్ కూడా అయనావరణంలో, అంటే విద్యుదావేశం గల కణాలుండే ఆ పై పొరలో, ఇలాంటి మార్పునే పట్టింది. ఎక్కడి ధ్రువం, ఎక్కడి తిరునల్వేలి! నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మీరూ గీయదలిస్తే, భూ అయస్కాంత క్షేత్రంలోని అలజడిని కొలిచే కేపీ సూచిక తక్కువగా ఉన్న రోజులనే ఎంచుకుని, పక్కన తిథి కూడా రాసుకోండి. ఆ నెల 26న అమావాస్య.