క్రిస్మస్ అయిపోయాక కూడా దాని అర్థం ఇంట్లో నిలవాలంటే ఏం చేయాలి?

స్టార్ దించేసిన మర్నాటి నుంచి ఇల్లు మళ్లీ మామూలే అవుతోంది, పిల్లలకు క్రిస్మస్ అంటే కేకు, కొత్తబట్టలే గుర్తుంటున్నాయి, ఏడాదంతా దాని అర్థాన్ని ఎలా నిలుపుకోవాలి అని అడిగారు. నేను వాక్యం చెప్పేంతదాన్ని కాదు, విజయవాడ సింగ్ నగర్‌లో బ్లౌజులు కుట్టుకునేదాన్ని. మాకు జరిగింది చెప్తాను, పనికొస్తే తీసుకోండి.

నిజం చెప్పాలంటే మా ఇంట్లో క్రిస్మస్‌ని అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది నేనే. డిసెంబర్ అంటే నాకు సీజన్. సెమీ క్రిస్మస్‌లు (పండక్కి ముందే చేసుకునే వేడుకలు) మొదలైన దగ్గర్నుంచి ఫాల్స్, పికో, బ్లౌజులు, పిల్లల ఫ్రాకులు, 24 రాత్రి పదకొండింటికి కూడా గుమ్మంలో ఎవరో ఒకరు "అక్కా, హుక్కులొక్కటి కుట్టివ్వవా" అంటూ. 25 పొద్దున ఆరాధనలో పాస్టరు గారు ఏం చెప్పారంటే ఒక్క ముక్క గుర్తుండేది కాదు. నిద్ర.

2023లో సండే స్కూల్ నాటికలో మా చిన్నోడికి, యేసు పుట్టిన రాత్రి మరియ, యోసేపులకు చోటివ్వని సత్రం యజమాని వేషం ఇచ్చారు. యోసేపు వేషం కావాలని ఏడ్చాడు పాపం. ఒక్కటే డైలాగు: "చోటు లేదు, వెళ్లండి." నెల రోజులు ఇంట్లో అదే గోల, అన్నానికి పిలిచినా "చోటు లేదు, వెళ్లండి" అనేవాడు. పండగ అయ్యాక బైబిల్ స్టడీలో పాస్టరు గారు ఒక సంగతి చెప్పారు. అసలు బైబిల్లో యేసు పుట్టుక గురించి చెప్పే లూకా 2వ అధ్యాయంలో సత్రం యజమాని అనే మనిషే లేడు, మీరూ తీసి చూడండి. మన తెలుగు బైబిల్లో సత్రం అని ఉన్నచోట ఉన్న గ్రీకు మాటనే, లూకా 22లో యేసు శిష్యులతో చేసిన పస్కా పండగ భోజనం దగ్గర విడిది గది అని రాశారట. మంచి సమరయుడి కథలో పూటకూళ్లవాడి ఇల్లు వస్తుంది కదా, దానికేమో వేరే మాట ఉందట. అందుకని అది బేత్లెహేములో యోసేపు చుట్టాల ఇల్లే అయ్యుండొచ్చని, ప్రజాసంఖ్య రాయించుకోవడానికి వచ్చిన బంధువులతో విడిది గది నిండిపోతే పశువులుండేచోట సర్దుకున్నారేమోనని కొందరు పండితులు అంటారట. అది నాకు గుచ్చుకుంది. ఎవరో సత్రంవాణ్ణి తిట్టుకోవడం తేలిక, చుట్టాలిల్లు అంటే మాత్రం మన ఇల్లే అయిపోతుంది.

గుచ్చుకుంది అన్నానా, మరి ఏం చేశానో వినండి. మా ఆడపడుచు వాళ్లు ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్కులు, తిరువూరు వైపు ఉంటారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఇక్కడ విజయవాడలో జరిగే గుణదల మేరీమాత ఉత్సవాలకు వచ్చి మా ఇంట్లోనే దిగేవాళ్లు. ఉండేది రెండు గదులు, అందులో ఒక మూల నా మిషను. ఆ స్టడీ విని నెలయినా తిరక్కుండా, 2024 ఫిబ్రవరిలో ఆవిడ ఫోన్ చేస్తే "ఈసారి కుదరదు వదినా, గుడ్డలతో ఇల్లంతా నిండిపోయింది" అనేశాను. ఆవిడ ఏమీ అనలేదు. గుణదల కొండ దగ్గరే ఎక్కడో పడుకున్నారని తర్వాత తెలిసింది.

ఆ సెప్టెంబర్ 1, ఆదివారం. చర్చికి వెళ్దామని పిల్లలకు తల దువ్వుతుంటే వీధిలో నీళ్లు కనిపించాయి. బుడమేరు వాగుకు గండ్లు పడ్డాయని తెలిసేసరికి మంచం కోళ్లు మునిగాయి. పైనుండే ఓనరు ఆంటీ మెట్ల మీద నుంచి కేకేసి మమ్మల్ని లాక్కెళ్లింది. మధ్యాహ్నానికి ఆవిడ ఇంట్లో మేము, పక్కింటివాళ్లు, ఎదురు రేకుల షెడ్డులో ఉండే ఒక సాయిబు గారి కుటుంబం కలిపి పద్నాలుగు మందిమి. మాకు తెలిసి అంతకుముందు ఆవిడ మమ్మల్ని వంటగదిలోకి రానిచ్చింది లేదు! ఎనిమిది రోజులున్నాం. కరెంటు లేదు. పడవల్లో, డ్రోన్లతో పొట్లాలు వచ్చేవి, ఏం వచ్చినా ఆవిడ ముందు పిల్లలకు, తర్వాత అందరికీ సమానంగా పంచేది. 7న వినాయక చవితి వస్తే పసుపు ముద్దతో వినాయకుణ్ణి చేసి ఓ మూల పూజ చేసుకుంది, మేము ఇంకో మూల మా ప్రార్థన చేసుకున్నాం. ఒక్కసారి కూడా "చోటు లేదు" అనే మాట ఆవిడ నోట రాలేదు. నా మిషను మోటారు, ఫిబ్రవరిలో చుట్టాలకంటే ముఖ్యమనుకున్న గుడ్డలు, అన్నీ కింద బురదలో ఉన్నాయి. నా మటుకు నాకు లూకా 2 అర్థమైంది ఆ మెట్ల మీదే.

అప్పటి నుంచి ఇంట్లో కొన్ని పెట్టుకున్నాం. పెద్దవేం కాదు. మా అత్తగారి కాలంలో ఉన్న పిడికెడు బియ్యం మళ్లీ మొదలెట్టాను. అన్నం వండే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం, అంతే. మిజోరం చర్చిల్లో 1910 నుంచి ఇదే పద్ధతి నడుస్తోందని, ఆ బియ్యం అమ్మిన డబ్బుతో మిషనరీలను కూడా పంపుతున్నారని విని ఆశ్చర్యపోయాను. మాది అంతలేదు, నెలాఖరుకి నాలుగు కిలోల లోపే. ప్రతి నెలా 25న పిల్లలు లూకా 2 చదువుతారు, ఆ బియ్యం ఎవరికివ్వాలో వాళ్లే తేలుస్తారు. ఒకసారి మా వీధి వాచ్‌మన్‌కి ఇచ్చారు. యేసు పుట్టాడన్న దూతల కబురు ముందు అందింది రాత్రి మందకు కాపలా ఉన్న గొర్రెల కాపరులకే కదా అని పెద్దది లాజిక్ తీసింది. జూన్‌లో స్కూల్ ఫీజుల టెన్షన్‌లో డబ్బాలో బియ్యం మేమే వండుకున్నాం, అదీ చెప్పాలి.

ఇంకొకటి, స్టార్‌ని 26నే దించకండి. చర్చి క్యాలెండర్లో క్రిస్మస్ 25న మొదలై పన్నెండు రోజులు ఉంటుంది, జనవరి 6న, బాల యేసును చూడ్డానికి వచ్చిన జ్ఞానుల పండగ. నా డిసెంబర్ ఎలాగూ మిషను మీదే పోతుంది కాబట్టి నేను తీరిగ్గా పండగ చేసుకునేది ఆ పన్నెండు రోజుల్లోనే, డిసెంబర్ 20 తర్వాత కొత్త కుట్టుపని కూడా ఒప్పుకోవడం మానేశాను. కొంత డబ్బు పోతుంది, నిజమే. డిసెంబర్ 25 బైబిల్లో లేదు, అసలు పండగే చేయకూడదు అనే వాదన మా వీధిలోనూ ఉంది. తేదీ లేదన్నది నిజమే, దాని మీద నాకు గొడవ లేదు. కేకు తినడం తప్పనే రకాన్ని కూడా కాదు, మా ఇంట్లో రెండు కిలోలు తెస్తాం.

2025 ఫిబ్రవరికి నేనే మా ఆడపడుచుకి ఫోన్ చేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎంతమందిమి రావచ్చు?" అంది. తొమ్మిది మంది వచ్చారు, మిషను వసారాలోకి జరిపి దాని మీద పట్టా కప్పాను, ఓనరు ఆంటీ అడక్కుండానే రెండు చాపలు కిందికి పంపింది. రాత్రంతా ఒకటే గురక, బాత్రూం దగ్గర క్యూ, నాకు చిరాకు రాలేదని అబద్ధం చెప్పను. చిన్నోడు మాత్రం గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతివాళ్లకీ "చోటుంది, రండి" అని డైలాగు మార్చి చెప్పాడు, ఎవరూ నేర్పలేదు, నాటికలో వేషం సరిగా రాలేదన్న కసి అయ్యుంటుంది.