ముఖంలో ఆకుపచ్చ మట్టిరంగుకు తిరుగుతుంటే

రష్యన్ చిత్రకారుడు యావ్లెన్‌స్కీ 1909లో వేసిన నర్తకుడు సఖారొవ్ చిత్రాన్ని కాపీ చేస్తుంటే ముఖంలోని ఆకుపచ్చ నీడలు మట్టిరంగుగా మారుతున్నాయని, గీతలు దుస్తుల ఎరుపులో చెదిరిపోతున్నాయని అడిగారు. రంగులు మార్చనక్కర్లేదండీ, వేసే వరస మార్చండి.

ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. తడి ఎరుపు అంచుకి ఆకుపచ్చ కుంచె ఒక్కసారి తగిలినా బురదే. ముందు ముఖం పూర్తిచేసి, ఆ తర్వాతే ఎరుపుకి రండి. రెండింటి మధ్య 2-3 మి.మీ. ఖాళీ వదిలితే చివర్లో గీతకి అక్కడ చోటుంటుంది. కుంచెలు విడివిడిగా ఉండాలి. ఎంత కడిగినా వెంట్రుకల మొదట్లో ఎరుపు దాక్కునే ఉంటుంది, నొక్కగానే బయటికొస్తుంది.

ముఖానికి తెలుపు ముద్ద తీసుకుని అందులోకి విరిడియన్‌ని (నీలం ఛాయ ఉన్న ఆకుపచ్చ) కొద్దికొద్దిగా కలపండి, ఆకుపచ్చలోకి తెలుపుని కాదు. థాలో గ్రీన్ (చాలా గాఢమైన ఆకుపచ్చ) అయితే కుంచె కొసన అంటినంత చాలు, అది తెలుపునంతా మింగేస్తుంది.

గీతకి ట్యూబు నలుపు కన్నా ప్రష్యన్ బ్లూలో (ముదురు నీలం) కాస్త అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు) కలిపింది బాగుంటుంది, ఎరుపు పక్కన నిర్జీవంగా కనబడదు. వేలికి అంటనంతగా ఎరుపు ఆరాకే గీయండి. నూనె రంగుకి రోజులు పడుతుంది కాబట్టి సాధనకి యాక్రిలిక్ నయం. ఒక్క లాగుడులో గీసి వదిలేయండి, దిద్దితే కింది రంగు లేస్తుంది.

అసలు చిత్రం అట్ట మీదిదే. మీరూ అట్ట వాడితే రెండు వైపులా జెస్సో (రంగుకి ముందు వేసే తెల్లటి పూత) పూయండి. పూయకపోతే నూనె ఇంకిపోయి రంగు వెలవెలబోతుంది, ఒకవైపే పూస్తే అట్ట వంగుతుంది.